నల్లబల్ల మసకగా కనబడుతున్నదా?

బాలలూ! పట్నపు హైస్కూల్లో తరగతి నిండా పిల్లలే. వెనక బెంచీలో ఒక కుర్రవాడు కళ్ళు చికిలించి నల్లబల్ల వంక చూస్తాడు. లెక్కలో 3 అతనికి 8 లాగా కనబడుతుంది. పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూస్తే, "కాపీ కొడుతున్నావా?" అని చీవాట్లు పడతాయి.

పాపం, అతను మొద్దూ కాదు, దొంగా కాదు. అతనిది హ్రస్వదృష్టి. కనుగుడ్డు కాస్త పొడవైతే, దూరపు వస్తువుల ప్రతిబింబం నేత్రపటలం మీద పడక దానికి ముందే ఏర్పడుతుంది. పుటాకార కటకాలున్న కళ్ళజోడు పెడితే సరియైన చోట పడుతుంది. రోజూ ఆరుబయట ఆడుకునే పిల్లలకు ఈ దోషం వచ్చే అవకాశం తక్కువ.

మీకూ అక్షరాలు అలుక్కుపోయినట్టుంటే దాచకండి. మాస్టారికీ, అమ్మానాన్నలకూ చెప్పండి. కళ్ళజోడు నామోషీ కాదు. తల్లిదండ్రులారా, మార్కులు తగ్గాయని మందలించే ముందు పిల్లవాడికి కంటిపరీక్ష చేయించండి.