మాత్ర వేసుకున్న రోజు నోట్సు ఎలా ఉంది?

వేసవి సెలవుల్లో ఒక తరగతి నడిచింది. అందులో 45 మంది టీనేజర్లు, అందరికీ ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవని, కుదురు ఉండని సమస్య ఉంది. టీచరు పాఠం చెబుతుంటే నోట్సు రాసుకోవాలి, తర్వాత చిన్న పరీక్ష రాయాలి, ఇంటిపని చేసుకురావాలి. ఆ రోజుల్లో వాళ్లకు మాత్రలు ఇచ్చేవారు. కొన్ని రోజులు వాటిలో మందే ఉండేది కాదు. మిగతా రోజుల్లో ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ అనే మందు 10 మిల్లీగ్రాములో, 20 మిల్లీగ్రాములో, 30 మిల్లీగ్రాములో ఉండేది. ఏ రోజు ఏది మింగారో పిల్లలకూ తెలియదు, వాళ్లను గమనించేవాళ్లకూ తెలియదు. అమెరికాలో స్టీవెన్ ఎవాన్స్, విలియం పెల్హామ్, వారి సహచరులు ఆరు వారాలు ఇలా నడిపి, ఫలితాలను 2001లో ప్రచురించారు.

మందు పనిచేసింది. నోట్సు బాగుపడింది, చిన్న పరీక్షల్లో మార్కులు పెరిగాయి. అయితే పెద్ద మార్పు చాలావరకు ఖాళీ మాత్ర నుంచి 10 మిల్లీగ్రాములకు వెళ్లినప్పుడే వచ్చింది. డోసు ఇంకా పెంచితే కొందరికి మరికాస్త మేలు జరిగింది. చాలామందికి అదనంగా ఒరిగిందేమీ లేదు. కొందరికైతే అప్పటిదాకా వచ్చిన మేలు కూడా తగ్గింది.

ఏడీహెచ్‌డీ మందుల మీద పరిశోధనలకు కొదవ లేదు. వాటిలో ఎక్కువ భాగం పెద్దవాళ్లు నింపిన ప్రశ్నావళుల మీద ఆధారపడినవే: ‘కుదురుగా కూర్చున్నాడా’, ‘మాట విన్నాడా’ అని. ఈ అధ్యయనం పిల్లల నోటుపుస్తకం తెరిచి చూసింది. పాఠంలోని ముఖ్య విషయం కాగితం మీదికి వచ్చిందా, చెప్పిన పని పూర్తయిందా అని అడిగింది. పదో తరగతి పిల్లవాడికి మందు మొదలుపెట్టాలా అని మథనపడే ఇంటికి, పాతికేళ్ల కిందటి ఈ పని ఇవాళ్టికీ అన్నిటికంటే దగ్గరి దారి చూపిస్తుంది.

అలాంటి ఇల్లు ఒకటి తళవాయిపురంలో ఉందనుకుందాం. రాజపాళయం దగ్గరి ఈ ఊరు నైటీల కుట్టుపనికి పేరుపడింది. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు తమిళం. రాజపాళయం చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు ఇది తరాలుగా అలవాటైన జీవితం. పదిహేనేళ్ల అబ్బాయి. పుస్తకం తెరిస్తే రెండో పేజీకి మనసు ఎటో పోతుంది. లెక్క చేయడం వచ్చు, చివరి మెట్టు రాయడం మరిచిపోతాడు. టిఫిన్ బాక్సు వారానికోసారి బడిలో వదిలేసి వస్తాడు. ‘తెలివి ఉంది, శ్రద్ధే లేదు’ అన్న మాట ఒకటో తరగతి నుంచి వింటున్నాడు. ఇప్పుడు డాక్టరు మందు మాట ఎత్తారు.

ఆ ఒకటో తరగతి సంగతి ఇక్కడ చాలా ముఖ్యం. మానసిక సమస్యల నిర్ధారణకు డాక్టర్లు చూసే 2013 నాటి డీఎస్‌ఎం-5 ప్రమాణాల ప్రకారం లక్షణాలు 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి. అవి ఒక్కచోట కాక ఇంట్లో, బడిలో, స్నేహితుల మధ్య, ఇలా కనీసం రెండు చోట్ల ఉండాలి. పదో తరగతిలో హఠాత్తుగా చదువు మీద ధ్యాస పోయిందంటే నిద్రలేమి, దిగులు, ఆందోళన, ఫోను, బడిలో వేధింపులు, ఇలా వేరే కారణాలను ముందు వెతకాలి. అందుకే డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పాత ప్రోగ్రెస్ కార్డులు పట్టుకెళ్లడం మంచిది. ఆడపిల్లల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. అల్లరి చేయకుండా కిటికీ వైపు చూస్తూ కూర్చునే అమ్మాయిని ఎవరూ డాక్టరు దాకా తీసుకెళ్లరు. ఇక ఇలాంటి పిల్లలు ఎంతమంది అంటారా? కోయంబత్తూరు జిల్లాలోని నాలుగు బడుల్లో 6 నుంచి 11 ఏళ్ల పిల్లలు 770 మందిని పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో 11.32 శాతం మందికి ఏడీహెచ్‌డీ ఉందని తేలింది. ప్రపంచవ్యాప్త అధ్యయనాలను కలిపి 2007లో వేసిన అంచనా సుమారు 5 శాతం. ఏ కొలబద్దతో, ఎవరిని అడిగి కొలిచారన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. ఏ అంకె తీసుకున్నా, నలభై మంది ఉన్న తరగతిలో ఒకరిద్దరైనా ఉంటారు.

ఇలాంటి మందుల చరిత్ర క్లుప్తంగా. 1937లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టరు 30 మంది పిల్లలకు బెంజెడ్రిన్ అనే ఉత్తేజక మందు ఇచ్చాడు. వారిలో 14 మంది చదువులో ఆశ్చర్యపోయేంత మార్పు చూశాడు. 1944లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీలో లియాండ్రో పానిజాన్ మిథైల్‌ఫెనిడేట్ తయారుచేశాడు. అతని భార్య మార్గరీట్ ముద్దుపేరు రీటా. ఆ పేరు మీదే రిటలిన్ 1950ల్లో మార్కెట్‌లోకి వచ్చింది. మెదడులో డోపమీన్, నారెడ్రినలిన్ అందుబాటును పెంచడం మిథైల్‌ఫెనిడేట్ పని. 133 క్లినికల్ పరీక్షలను కలిపి 2018లో లాన్సెట్ సైకియాట్రీ ప్రచురించిన విశ్లేషణ, పిల్లలకూ టీనేజర్లకూ స్వల్పకాలంలో మొదట ఎంచుకోదగ్గది ఇదేనంది.

ఇక అసలు ప్రశ్న: పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

‘ఎలా ఉన్నాడు?’ అని డాక్టరు అడిగితే ‘పరవాలేదండీ’ అని అమ్మ చెప్పే జవాబుతో తెలియదు. తళవాయిపురంలో ఏ కుట్టు మిషను దగ్గరా కొలత తీయకుండా గుడ్డకు కత్తెర పెట్టరు. మందు విషయంలో చాలా ఇళ్లు కొలత లేకుండానే మొదలుపెడతాయి. మొదటి మాత్ర వేసుకోవడానికి ముందు వారం ఎలా గడిచిందో రాసిపెట్టుకోరు. నెల తర్వాత పోల్చి చూడటానికి చేతిలో ఏమీ ఉండదు. గుర్తున్నంతవరకు చెబుతారు. గుర్తుండేదేమో నిన్నటి గొడవో, మొన్నటి మార్కులో.

1999లో ఫలితాలు వెలువడిన, ఏడీహెచ్‌డీ చికిత్సలను పోల్చిన ఎంటీఏ అధ్యయనం ఈ విషయంలో పాఠమంటే పాఠమే. 7 నుంచి 10 ఏళ్లలోపు పిల్లలు 579 మంది, 14 నెలల చికిత్స. మందు తీసుకునే పిల్లలకు తొలి 28 రోజులు డోసు తరచూ మార్చి మార్చి ఇచ్చారు, మధ్యలో ఖాళీ మాత్రలూ కలిపారు. ఆ రోజు ఇచ్చిందేమిటో తెలియని తల్లిదండ్రులు, టీచర్లు ప్రవర్తనకు మార్కులు వేశారు. ఆ మార్కులతో గీసిన గ్రాఫులను డోసు తెలియని నిపుణులు చూసి, ఏ పిల్లవాడికి ఏది నప్పిందో నిర్ణయించారు. ఖాళీ మాత్రకే బాగా స్పందించిన పిల్లలు కూడా కొద్దిమంది తేలారు. ‘మందు వేశాం కాబట్టి బాగున్నాడు’ అన్న నమ్మకానికి అంత బలముంది. ఆ నమ్మకాన్ని పక్కనపెట్టి చూడటానికే ఇంత ఏర్పాటు.

ఇంట్లో అంత చేయలేం. కానీ దాని సారం తీసుకోవచ్చు. మందుకు ముందు ఒక వారం, తర్వాత ప్రతి డోసుకూ ఒక వారం చొప్పున మూడు నాలుగు విషయాలు మాత్రమే రాసిపెట్టాలి. సైన్సు క్లాసు నోట్సు సగంలో ఆగిందా, చివరిదాకా ఉందా? ఇచ్చిన పది లెక్కల్లో ఎన్ని ముగించాడు? మధ్యాహ్నం డబ్బాలో ఎంత అన్నం మిగిలింది? రాత్రి ఎన్నింటికి నిద్రపట్టింది? బడిలో ఒక టీచరును తమిళంలో ఇవే ప్రశ్నలు అడగాలి. వీలైతే మందు ఏ తేదీన మొదలైందో ఆమెకు ముందుగా చెప్పకపోవడమే మేలు. ఇంట్లో అమ్మ తెలుగులో రాసుకున్న కాగితం, బడి నుంచి తమిళంలో వచ్చిన కాగితం పక్కపక్కన పెడితే డాక్టరు పని సులువవుతుంది.

రెండు కాగితాలు కలవకపోతే కంగారు పడక్కర్లేదు. మామూలు మిథైల్‌ఫెనిడేట్ మాత్ర అరగంట, గంటలో పనిచేయడం మొదలుపెట్టి సుమారు నాలుగు గంటల్లో తగ్గిపోతుంది. ఉదయం ఎనిమిదికి వేసుకుంటే టీచరు చూసేది మందున్న పిల్లవాణ్ణి. సాయంత్రం అమ్మ చూసేది మందు దిగిపోయిన పిల్లవాణ్ణి, ఒక్కోసారి మామూలు కంటే ఎక్కువ చిరాకుతో. ‘బడిలో బాగున్నాడట, ఇంట్లో మాత్రం మండిపడుతున్నాడు’ అంటే మందు చెడు చేసిందని వెంటనే తేల్చేయకూడదు. ఏ గంటకు చిరాకు మొదలైందో రాసి చూపిస్తే, డాక్టరు ఎక్కువసేపు పనిచేసే రకానికి మార్చడమో, వేళలు సర్దడమో చేస్తారు.

ఆకలి తగ్గడం అందరికంటే ముందు తల్లులకే కనిపిస్తుంది. అందుకే ఇడ్లీలో, పొంగలో కడుపునిండా తిన్నాకే మాత్ర వేసుకోవడం, రాత్రి ఆకలి తిరిగి వచ్చేసరికి అన్నం సిద్ధంగా ఉంచడం అనుభవజ్ఞులు చెప్పే దారి. తలనొప్పి, కడుపునొప్పి, నిద్ర ఆలస్యం కావడం కూడా మామూలే. నాడి, రక్తపోటు కాస్త పెరుగుతాయి కాబట్టి మొదలుపెట్టే ముందు, డోసు మార్చినప్పుడల్లా చూడాలి. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండె జబ్బు, ఆకస్మిక మరణం ఉంటే దాచకుండా చెప్పాలి. ఎదుగుదల మాటకొస్తే, ఎంటీఏ పిల్లల్లో కొత్తగా మందు మొదలుపెట్టి మూడేళ్లు కొనసాగినవాళ్లు, మందు లేనివాళ్ల కంటే సగటున 2 సెంటీమీటర్లు పొట్టిగా ఉన్నారు. ఆరు నెలలకోసారి ఎత్తు కొలవమని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతాయి.

ఒక గుర్తును మాత్రం ఎవరూ విస్మరించకూడదు. పిల్లవాడు కదలకుండా, నవ్వకుండా, ఆటకు పిలిచినా రాకుండా కూర్చుంటే కొందరు టీచర్లు సంతోషిస్తారు. అది మందు పనిచేయడం కాదు, డోసు ఎక్కువైందనడానికి సూచన కావచ్చు. అబ్బాయినే అడగాలి. ‘నాలా లేను’ అని పదిహేనేళ్లవాడు అంటే ఆ మాటకు టీచరు ఇచ్చే మార్కు కంటే ఎక్కువ విలువ ఇవ్వాలి. మింగేది అతనే. ఈ వయసులో నచ్చని మందును చెప్పకుండా మానేయడం కూడా అతని చేతిలోనే ఉంది.

మార్కుల సంగతి. పదో తరగతి పబ్లిక్ పరీక్షలు దగ్గరపడే కొద్దీ ఇంట్లో మందుకు ఉన్న కొలబద్ద ఇదొక్కటే అవుతుంది. ఇది సరైన కొలబద్ద కాదనడానికి బలమైన ఆధారముంది. 2001 అధ్యయనంలో ఉన్న పెల్హామే 2022లో మరొకటి ప్రచురించారు. ఈసారి 7 నుంచి 12 ఏళ్ల పిల్లలు 173 మంది. మందున్న రోజుల్లో వాళ్లు నిమిషానికి 37 శాతం ఎక్కువ లెక్కలు చేశారు, తరగతిలో నియమాలు మీరడం సగానికి పైగా తగ్గింది. కానీ కొత్తగా చెప్పిన పాఠం, కొత్త పదాలు మందుతో ఎంత నేర్చుకున్నారో, ఖాళీ మాత్రతోనూ దాదాపు అంతే నేర్చుకున్నారు. కూర్చోబెట్టడం మందు చేయగలదు. అర్థమయ్యేలా చెప్పడం, చదువును చిన్న చిన్న ముక్కలు చేయడం, రాయడానికి కాస్త ఎక్కువ సమయం ఇవ్వడం మనుషులు చేయాల్సిన పనులు.

చీటీ ఎందుకు రెండు ప్రతులు?

మిథైల్‌ఫెనిడేట్ మన దేశంలో షెడ్యూల్ ఎక్స్ కింద ఉంది. డాక్టరు చీటీ రెండు ప్రతులు రాయాలి. ఒకటి మందుల షాపువాళ్లు రెండేళ్లు దాచాలి. ఈ రకం మందులు అమ్మడానికి ప్రత్యేక లైసెన్సు కావాలి కాబట్టి చిన్న ఊళ్లలో చాలా షాపుల్లో దొరకదు. మాత్రలు అయిపోయే ముందు వారమే చూసుకోవాలి. దొరకనప్పుడో, నప్పనప్పుడో డాక్టర్లు ఆటమాక్సెటిన్ అనే మరో మందు వైపు చూస్తారు. దాని ప్రభావం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, అందుకే మొదటి వారంలోనే తీర్పు చెప్పకూడదు. దిగులు, చచ్చిపోవాలన్న మాటలు కనిపిస్తే మాత్రం అదే రోజు డాక్టరుకు చెప్పాలి. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416.

స్నేహితుడికి ఒక మాత్ర?

పరీక్షల వేళ ‘నాకూ ఒకటివ్వరా’ అనే స్నేహితులుంటారు. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో ప్రచురించిన అధ్యయనంలో ఏడీహెచ్‌డీ లేని 40 మందికి ఈ రకం మందులు ఇచ్చి చిక్కు లెక్కలు చేయించారు. వాళ్లు ఎక్కువ కష్టపడ్డారు, ఎక్కువసేపు కూర్చున్నారు. ఆలోచన నాణ్యత మాత్రం తగ్గింది. మాత్రలు ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర, తాళంలో ఉండాలి.

మొదలుపెట్టడమంటే ఏళ్ల తరబడి వేసుకోవడమే అని కాదు. ఏడాదికోసారి మందు ఇంకా అవసరమా అని కూర్చుని మాట్లాడాలని, తగిన సమయంలో ఆపి చూడవచ్చని బ్రిటన్ మార్గదర్శకాలు అంటాయి. తమిళనాడులో పదో తరగతి ముగిశాక వేసవి వస్తుంది, తర్వాత ప్లస్ వన్. చాలామందికి బడి మారుతుంది, టీచర్లు మారతారు. ఆ కొత్త టీచరుకు ఈ పిల్లవాడి పాత కథ తెలియదు, మాత్ర సంగతీ తెలియదు. డాక్టరుతో మాట్లాడి ఆ జూన్‌లో మందుతో రెండు వారాలు, మందు లేకుండా రెండు వారాలు చూడాలనుకుంటే, నోట్సు ఎలా రాస్తున్నాడని ఆమెనే అడగవచ్చు.