చెవిలో హోరు – బాధను సడలించు సాధన

షోలాపూరు, భివండి మరమగ్గాల షెడ్లలో ఏండ్ల తరబడి పనిచేసిన మనవారిలో కొందరికి, ఇల్లు చేరి దీపం ఆర్పి పడుకొన్న తరువాత కూడ చెవిలో గుయ్యిమని మోత వినిపిస్తూనే ఉంటుంది. “మగ్గం ఇంటికి వెంట వచ్చింది” అని నవ్వినా, ఆ రాత్రి నిద్ర ఉండదు. దీనిని వైద్యులు టిన్నిటస్ అంటారు, ఆయుర్వేదములో కర్ణనాదము.

ఎడతెగని మోతకు లోపలిచెవిలోని సన్నని రోమకణాలు చెడిపోతాయి. అవి మరల పుట్టవు. వినికిడిలో ఏర్పడిన లోటును మెదడు తానే ధ్వనితో పూరించుకొంటుందని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. అయితే ధ్వని వేరు, దాని వలన కలిగే బాధ వేరు. మోత వినగానే దిగులు. దిగులుతో నొసలు, దవడ, మెడ బిగుసుకొంటాయి. బిగిసిన దేహానికి నిద్ర రాదు. నిద్ర లేనప్పుడు మోత ఇంకా పెద్దదిగా తోస్తుంది. ఈ చిక్కుముడిని సడలించే సాధనే బయోఫీడ్‌బ్యాక్.

ఇందులో మందు లేదు, కోత లేదు. నొసటి మీద, మెడ మీద చిన్న బిళ్లలు అంటించి, కండరాల బిగువును కొలిచి, తెర మీద గీతగా చూపుతారు. మెల్లగా ఊపిరి విడిచి దవడను వదులు చేస్తే గీత దిగుతుంది. ఏమి చేస్తే దిగినదో గుర్తించి మరల మరల చేయడమే అభ్యాసము. పడుగు బిగువును వేలితో తాకి చెప్పగల మనము, మన మెడ బిగువును ఎరుగము. దానిని తెలియజేయడమే ఈ యంత్రము పని. నేర్చిన పిదప యంత్రము లేకుండానే చేసుకొనవచ్చును.

జర్మనీలోని మార్బుర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 130 మంది రోగులతో జరిపిన పరీక్ష ఫలితములను 2008లో ప్రకటించారు. మానసిక చికిత్సతో కలిపి 3 నెలలలో 12 పర్యాయములు ఈ శిక్షణ ఇచ్చారు. శిక్షణకై వేచియున్నవారి కంటె పొందినవారికి బాధ తగ్గినది. మోతను అదుపు చేసుకొనగలమను ధైర్యము పెరిగినది. 6 నెలల తరువాత కూడ ఆ మేలు నిలిచినది.

అయితే ఇది మోతను తుడిచివేయునని ఎవరైనా చెప్పిన నమ్మరాదు. ముందుగా చెవి వైద్యునికి చూపవలెను. గుబిలి గట్టిపడినా మోత రావచ్చును. ఒక్క చెవిలోనే మోత ఉన్నా, నాడితో పాటు కొట్టుకొన్నా, వినికిడి హఠాత్తుగా తగ్గినా జాగు చేయరాదు. వినికిడి తగ్గినవారికి వినికిడి యంత్రము కూడ ఊరటనిస్తుంది. బయోఫీడ్‌బ్యాక్ శిక్షణ పెద్ద నగరములలో కొందరు క్లినికల్ సైకాలజిస్టుల వద్ద లభిస్తుంది.

ఇక షెడ్డులో ఇప్పుడే అడుగుపెట్టిన మన బిడ్డల సంగతి. 85 డెసిబెళ్లకు మించిన మోతలో రోజుకు 8 గంటలు గడుపుట చెవికి హాని. చెవి బిరడా ఖరీదు స్వల్పము. పోయిన వినికిడిని ఏ ఖరీదుకూ కొనలేము.