పాత కారు ఇంజను గదికి కొత్త రంగు

సికిందరాబాదు వీధులలో అంబాసిడరు కారు ఇప్పుడు అరుదైనది. హిందూస్తాన్ మోటార్సు వారి ఉత్తరపాడా కర్మాగారమున దాని ఉత్పత్తి 2014లో ఆగిపోయినది. అయినను మిగిలిన బండ్లను బిడ్డలవలె చూచుకొను యజమానులు కలరు. అట్టివారు సెలవునాడు బానెట్టు ఎత్తి, ఇంజను గది కడిగి, రాణీగంజి బజారునుండి తెచ్చిన నల్లరంగు పూయుదురు. పూసిననాడు అది అద్దమువలె మెరయును; రెండు వానకాలములు గడువకమునుపే పొరలుగా ఊడును. రంగు మంచిది కాదని దుకాణదారుని తిట్టుట పరిపాటి. చాలమట్టుకు దోషము రంగుది కాదు, దాని క్రింద మిగిలినదానిది.

ఇనుము, ఆమ్లజని, తేమ కూడినచోట తుప్పు పుట్టును. అది తాను పుట్టిన ఇనుముకంటె కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమించును. కనుక రంగు చాటున దాగిన చిటికెడు తుప్పు పెరుగుచు, పై పూతను లోపలినుండి ఎత్తివేయును. బ్యాటరీ నిలుచు తట్టలో చిందిన గంధకామ్లము దీనిని త్వరపెట్టును. బ్యాటరీని తీసివేసి, వంటసోడా కలిపిన నీటిని నురుగు ఆగువరకు అచ్చట పోసి, పిదప మంచినీటితో కడుగవలెను.

జిడ్డు వదలించుటకు పెట్రోలు ఎంతమాత్రము వాడరాదు. కిరసనాయిలు వాడుక గాని, దానికిని ఒక హద్దు కలదు. సుమారు 38 డిగ్రీల వద్ద దాని ఆవిరి నిప్పురవ్వకు అంటుకొనగలదు. మే నెల మధ్యాహ్నము సికిందరాబాదులో గాలియే 40 డిగ్రీలు దాటును. ఎండలోని రేకు సంగతి చెప్పనేల? చల్లని వేళ, ఆరుబయట, ఇంజను చల్లారిన పిదపనే ఈ పని చేయవలెను. కాస్టిక్ సోడా మరొక పొరపాటు. ఇనుమును అది బాధింపదు గాని, కార్బురేటరు వంటి అల్యూమినియపు భాగములను తినివేయును.

కిరసనాయిలు తానును ఒక పలుచని జిడ్డును విడుచును. అందుచే సబ్బునీటితో మరల కడుగవలెను. జిడ్డు పోయినదా లేదా తెలియుటకు చెంబెడు నీరు చాలును. రేకుపై పోసిన నీరు తెగని పొరగా పరచుకొన్నచో శుభ్రమైనట్లు. తామరాకుమీదివలె బొట్లుగా విడిపోయినచో ఇంకను జిడ్డున్నట్లు. రంగుకూడ అట్టిచోట అంటుకొనదు.

పాతరంగు గోకుట అన్నిటికంటె ప్రమాదకరము. ఇండ్ల రంగులలో సీసము పదిలక్షల భాగములలో 90కి మించరాదను నియమము 2017 నవంబరులో గాని అమలులోకి రాలేదు. పాత కార్ల పూతలలో సీసపు లవణములు, తొలిపూతలలో విషతుల్యములైన క్రోమేట్లు ఉండవచ్చును. వీటి ధూళి పసిపిల్లల మెదడునకు, రక్తమునకు చేటు. పొడిగా రుద్దక, గరుకుకాగితమును నీటిలో తడిపి రుద్దవలెను. ముక్కునకు సరియైన ముసుగు ధరింపవలెను. మురికినీటిని పెరటిలో పారబోయరాదు. చీపురుతో ఊడ్చుట మరింత చేటు.

గోకిన పిమ్మట మిగిలిన తుప్పుమచ్చలకు భాస్వరికామ్లము పూసినచో అది వాటిని ఫాస్ఫేటుగా మార్చును. ఆపై యశదఫాస్ఫేటు తొలిపూత, అది ఆరిన పిదప రంగు. వానకాలపు వేకువన రేకు గాలికంటె చల్లగా ఉండి, కంటికి కానరాని తేమను పట్టియుండును. ప్రొద్దెక్కి రేకు వెచ్చబడినదాక కుంచె ముట్టకుండుట మేలు. పొగగొట్టము మొదటి భాగమునకు మాత్రము ఈ రంగు వలదు. మొదటి ప్రయాణములోనే మాడి కంపు కొట్టును.