వేలి కొసన మొదలయ్యే పీహెచ్‌డీ

మనిషి దేహాన్ని కొలవడానికి, దానికి ఆసరాగా నిలవడానికి, అవసరమైతే దెబ్బతిన్న భాగానికి బదులు మరొకటి అమర్చడానికి ఇంజినీరింగ్‌ను వాడుకునే శాస్త్రమే బయోమెడికల్ ఇంజినీరింగ్. ఈసీజీ, డయాలసిస్ యంత్రాలు, కృత్రిమ గుండె కవాటం, వినికిడి యంత్రం అన్నీ దాని పరిధిలోనివే. ఈ శాస్త్రంలో పీహెచ్‌డీ పూర్తిచేసినవారి పేరుకు ముందు కూడా ‘డాక్టర్’ అని చేరుతుంది గాని, వారు సూది వేయరు, మందు రాయరు. డాక్టరంటే సూర్యారావుపేటలో బోర్డు కట్టినవారేనని స్థిరపడిన విజయవాడలో, ఈ తేడాను బంధువులకు నచ్చజెప్పడమే పరిశోధక విద్యార్థికి ఎదురయ్యే మొదటి వైవా.

ఈ చదువుకు కావలసిన రెండు దినుసులూ కృష్ణా తీరంలో దండిగానే ఉన్నాయి. కానూరులో 1977లో మొదలైన వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజినీరింగ్ కళాశాల, వడ్డేశ్వరంలోని కేఎల్, నీరుకొండలోని ఎస్ఆర్ఎం, ఐనవోలులోని విట్ విశ్వవిద్యాలయాలు ఒక వైపు ఉంటే, 1986లో ఏర్పడిన ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, సిద్ధార్థ వైద్య కళాశాల, 2018లో తొలి విద్యార్థులను ఆ కళాశాల ఆవరణలోనే చేర్చుకున్న మంగళగిరి ఎయిమ్స్, తాడిగడపలోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి మరో వైపు ఉన్నాయి. వీటి మధ్య దూరం కారులో గంటలోపే అయినా, ఇంజినీరింగ్ పట్టాలు ఇచ్చే వ్యవస్థ వేరు, వైద్య పట్టాలు ఇచ్చేది వేరు. బయోమెడికల్ పీహెచ్‌డీ ఈ రెంటి నడుమ ఉన్న గట్టు మీద నడిచే చదువు. అందుకే రెండూ దగ్గర దగ్గరగా దొరికే చోటు వెతికేవారు కందిలోని హైదరాబాద్ ఐఐటీ వైపో, ఉస్మానియా ఇంజినీరింగ్ కళాశాలలోని బయోమెడికల్ విభాగం వైపో చూస్తారు, కాకపోతే ఆసుపత్రినీ పరికరాల ప్రయోగశాలనూ ఒకే సంస్థలో నడుపుతూ 1990 డిసెంబరులో సొంత కృత్రిమ కవాటాన్ని తొలిసారి రోగి గుండెలో అమర్చిన తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థకు వెళ్తారు.

గట్టుకు రెండు వైపులవారూ కలుసుకుంటే ఏం జరుగుతుందో తెలుగు నేల ఒకసారి చూసింది. హైదరాబాద్‌లో క్షిపణుల ప్రయోగశాలకు వచ్చిన నిమ్స్ ఆసుపత్రి ఎముకల వైద్యుడొకరు అక్కడి తేలికపాటి మిశ్రమ పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి అబ్బురపడి, 3 కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లతో, అంటే కాళ్లకు ఆసరాగా బిగించే చట్రాలతో, కాళ్లీడ్చుకుంటున్న పిల్లల దగ్గరికి ఆ ప్రయోగశాల శాస్త్రవేత్త అబ్దుల్ కలాంను తీసుకువెళ్లారు. ఆ తర్వాత తయారైన కాలిపర్ బరువు 300 గ్రాములని కలాం పలుమార్లు చెప్పారు.

ప్రశ్న ఎక్కడ పుడుతుందన్నదే ఈ చదువులో అసలు సంగతి, పరికరం ఎంత గొప్పదన్నది ఆ తర్వాతి మాట. కోవిడ్ రోజుల్లో ఇంటింటికీ చేరిన పల్స్ ఆక్సీమీటర్‌నే తీసుకుంటే, ఆ చిన్న క్లిప్పు వేలి గుండా 660 నానోమీటర్ల ఎరుపు కాంతిని, 940 నానోమీటర్ల పరారుణ కాంతిని, అంటే కంటికి కనబడని కాంతిని, పంపుతుంది. ఆక్సిజన్ నిండిన రక్తం ఎరుపును ఎక్కువగా వదిలి పరారుణాన్ని పీల్చుకుంటుంది, ఆక్సిజన్ లేని రక్తం అందుకు విరుద్ధంగా చేస్తుంది. ఎముక, చర్మం, సిరలు కూడా కాంతిని పీల్చుకున్నా ఆ మోతాదు నిలకడగా ఉంటుంది కనుక, గుండె కొట్టుకున్నప్పుడల్లా ధమనిలో ఉబికే రక్తం వల్ల వచ్చే హెచ్చుతగ్గులను మాత్రం పరికరం విడదీసుకుంటుంది. జపాన్‌లోని నిహోన్ కోడెన్ సంస్థ ఇంజినీరు తకువో అవోయాగి నిజానికి గుండె ఎంత రక్తం తోడుతోందో రంగునీటితో కొలవబోయి, నాడి వల్ల వచ్చే ఆ హెచ్చుతగ్గులను అడ్డంకిగా భావించి తొలగించే ప్రయత్నంలోనే 1974 ప్రాంతంలో ఈ సూత్రాన్ని పట్టుకున్నారు. డాక్టరేట్ ఆయనకు టోక్యో విశ్వవిద్యాలయం నుంచి 1993లో గాని రాలేదు.

అయితే తెర మీద కనబడే 96 అన్న అంకె ఆ వేలి నుంచి నేరుగా వచ్చింది కాదు. ఆరోగ్యవంతులైన కొందరికి ఆక్సిజన్ తగ్గించిన గాలి ఇచ్చి, వారి ధమనీ రక్తాన్ని పరీక్షించి, ఏ కాంతి నిష్పత్తికి ఎంత శాతమో ముందే పట్టిక కట్టి పరికరంలో ఉంచుతారు. ఎవరి వేలికి పెట్టినా అది ఆ పట్టికనే చూసి చెబుతుంది. 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన మిషిగన్ వైద్యుల పరిశీలన ప్రకారం, పరికరం 92 నుంచి 96 శాతం చూపుతున్నప్పుడు కూడా రక్తంలో ఆక్సిజన్ ప్రమాదకరంగా తగ్గి ఉన్న సందర్భాలు తెల్లవారిలో 3.6 శాతం, నల్లజాతివారిలో 11.7 శాతం. అమెరికా నియంత్రణ సంస్థ 2013లో ఇచ్చిన సూచన కూడా, పరీక్షకు పిలిచే కనీసం 10 మందిలో ముదురు రంగు చర్మం గలవారు ఇద్దరో, మొత్తంలో 15 శాతమో, ఏది ఎక్కువైతే అంతమంది ఉంటే చాలన్నది. మరి దివిసీమ చేలలో ఏళ్ల తరబడి నాట్లు వేసి చర్మం మొద్దుబారిన చామనఛాయ వేలికి, ఆషాఢంలో గోరింటాకు పండిన వేలికి ఆ పట్టిక ఎంతవరకు సరిపోతుంది? సరిగ్గా ఇలాంటి ప్రశ్నే ఒక పీహెచ్‌డీకి తగిన ప్రశ్న, దానికి విమానమెక్కి ఎక్కడికో పోనక్కరలేదు.

నియమాల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీస గడువు మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. తొలుత కనీసం 12 క్రెడిట్ల కోర్సు వర్క్, చివర థీసిస్‌పై బయటి పరీక్షకుల నివేదికలు, వైవా ఉంటాయి. గేట్‌లో ఈ శాస్త్రానికి 2020 నుంచి విడిగా పేపరుంది. కేంద్రం ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత సీనియర్‌గా 42,000. తోటి బీటెక్ మిత్రులు సాఫ్ట్‌వేర్ కొలువుల్లో స్థిరపడే వయసులో ఈ మొత్తంతో ఏళ్ల తరబడి నెట్టుకురావడం ఇంట్లోవారి ఓర్పు మీద కూడా ఆధారపడిన విషయం.

నిబంధనల పుస్తకాల్లో అంతగా కనబడని కాలయాపన ఆసుపత్రి గడప దగ్గర మొదలవుతుంది. మనుషుల మీద చేసే ఏ పరిశోధనకైనా సంస్థలోని నైతికతా సంఘం అనుమతి ఉండాలి. వైద్యులు, చట్టం తెలిసినవారు, వైద్యంతో సంబంధం లేని సామాన్యులు కూడా కూర్చునే ఆ సంఘం ముందు సర్క్యూట్ బొమ్మ కంటే తెలుగులో రాసిన సమ్మతి పత్రమే ఎక్కువ ప్రశ్నలకు గురవుతుంది. ‘ఫోటోడిటెక్టర్’ అన్న మాటను అవనిగడ్డ నుంచి వచ్చిన కూలీకి తెలిసేలా ‘వేలి గుండా వచ్చిన వెలుతురును పట్టే చిన్న బిళ్ల’ అని రాయగలిగినప్పుడే ఆ విషయం విద్యార్థికి కూడా పూర్తిగా తెలిసినట్టు. చదువు రానివారు సమ్మతించేటప్పుడు పరిశోధనతో సంబంధం లేని, చదవడం వచ్చిన సాక్షి ఒకరు పక్కన ఉండి సంతకం చేయాలి. వేలిముద్ర ఎడమ బొటనవేలితో వేయిస్తే క్లిప్పును కుడిచేతి చూపుడువేలికి తగిలించాలి, ఎందుకంటే స్టాంప్‌ప్యాడ్ సిరా కూడా కాంతిని పీల్చుకుంటుంది.