కంప్యూటర్‌కూ ఒక జనరల్ డైరీ

ప్రతి పోలీసు స్టేషన్‌లోనూ జనరల్ డైరీ ఉంటుంది. ఎవరు ఎన్ని గంటలకు డ్యూటీకి ఎక్కారు, ఎవరు బందోబస్తుకు వెళ్లారు, ఏ ఫిర్యాదు ఎప్పుడు అందింది, అన్నీ జరిగిన వరుసలో అందులోకి ఎక్కుతాయి. కంప్యూటర్ కూడా అలాంటి డైరీ రాసుకుంటుంది. దాని పేరు లాగ్. ఎవరు లాగిన్ అయ్యారు, ఎవరు పాస్‌వర్డ్ తప్పు కొట్టారు, ఏ ప్రోగ్రాం మొదలైంది అనేవి తేదీ, సమయంతో సహా అందులో ఉంటాయి.

2017 మే 12న వన్నాక్రై అనే వైరస్ ప్రపంచం మీద పడింది. 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి, తాళంచెవికి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ దెబ్బతింది. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లోని 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లకు అది సోకింది.

వన్నాక్రై ప్రవేశించిన సందును పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చి 14నే ఇచ్చింది. వేసుకోని కంప్యూటర్లు దొరికిపోయాయి. ఎవరూ ఏ లింకూ నొక్కనక్కర్లేదు. నెట్‌వర్క్‌లో ఒక్క యంత్రానికి సోకితే చాలు, ఫైళ్లు పంచుకునే దారిగుండా అది పక్క యంత్రాల తలుపులు తట్టుకుంటూ పోతుంది. ఆ తట్టడం లాగుల్లో పడొచ్చు. ఫైళ్ల పేర్లు వరసగా మారిపోవడం కూడా కంటికి ఆనుతుంది, చూసే ఏర్పాటు ముందే ఉంటే.

ఆ ఏర్పాటులో మొదటిది ఫైళ్ల మీద నిఘా. 1992లో అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో జీన్ కిమ్, జీన్ స్పాఫర్డ్ కలిసి ట్రిప్‌వైర్ అనే ప్రోగ్రాం రాశారు. అది ముఖ్యమైన ప్రతి ఫైలుకూ వేలిముద్ర లాంటి ఒక సంఖ్యను తీసి దాచుకుంటుంది, తర్వాత మళ్లీ తీసి రెండూ పోల్చి చూస్తుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో ఈ ముద్ర 64 అక్షరాల పొడవు. ఒక అడంగల్ ఫైలులో 2.50 ఎకరాలను ఎవరైనా 2.60 చేశారనుకుందాం. మారింది ఒక్క అంకే, కానీ ముద్ర మొత్తం మారిపోతుంది. ఫైలు సైజు, తేదీ మారకుండా జాగ్రత్తపడినా ముద్ర పట్టిస్తుంది.

అయితే అన్ని ఫైళ్లనూ చూడమంటే పని చెడుతుంది. తాత్కాలిక ఫైళ్లు నిమిషానికోసారి మారుతుంటాయి. ప్రతి మార్పుకూ గంట మోగితే నాలుగో రోజుకు ఆ గంటను ఎవరూ పట్టించుకోరు. ఊరికే మారకూడనివి ఏవో ఎంచుకోవడమే ఇక్కడ అసలు నేర్పు: సిస్టమ్ ఫైళ్లు, సెట్టింగులు, యూజర్ల జాబితా, రికార్డులున్న ఫోల్డరు.

రెండోది లాగ్. ఏ ఫోల్డరును ఎవరు తెరిచారో విండోస్ తనంతట తాను రాసుకోదు. ఆడిట్ పాలసీలో ఆ అంశాన్ని ఆన్ చేసి, ఫోల్డరు మీద కూడా ఆడిటింగ్ పెట్టాలి. మరో చిక్కు, సెక్యూరిటీ లాగ్‌కు మామూలుగా కేటాయించే చోటు 20 ఎంబీ. అది నిండగానే పాత నమోదులు చెరిగి కొత్తవి ఎక్కుతాయి. రద్దీగా ఉండే యంత్రంలో మొన్నటి సంగతి ఇవాళ దొరకకపోవచ్చు.

డైరీ ఆ యంత్రంలోనే ఉంటే ఇంకో ప్రమాదం. లోపలికి వచ్చిన దొంగ దాన్ని తుడిచెయ్యొచ్చు. విండోస్ ఆ తుడవడాన్ని కూడా 1102 నంబరుతో రాసుకుంటుంది గానీ, పోయిన పేజీలు తిరిగిరావు. అందుకే ప్రతి నమోదునూ ఆ క్షణమే వేరొక సర్వర్‌కు పంపాలి.

ఈ సంగతిని 1986లోనే క్లిఫర్డ్ స్టోల్ పసిగట్టాడు. ఆయన కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో కంప్యూటర్లు చూసే ఖగోళ శాస్త్రవేత్త. కంప్యూటర్ వాడకం లెక్కల్లో 75 సెంట్లు తేడా వచ్చింది. వదిలెయ్యకుండా తవ్వితే లోపల ఒక అపరిచితుడు తిరుగుతున్నాడని తేలింది. బయటి నుంచి వచ్చే లైన్లకు ప్రింటర్లు తగిలించి, అతను కొట్టిన ప్రతి అక్షరాన్నీ కాగితం మీదికి ఎక్కించాడు. కాగితాన్ని దూరం నుంచి ఎవరూ చెరపలేరు. ఆ జాడ పశ్చిమ జర్మనీలోని హానోవర్ దాకా వెళ్లింది. పట్టిచ్చింది పెద్ద యంత్రం కాదు, లెక్కను వదలకుండా చదివిన మనిషి.

గడియారాలు కూడా కలవాలి. ఒక కంప్యూటర్ 10.05 అని, పక్కది 9.50 అని రాస్తే ఏది ముందు సోకిందో తేల్చడం కష్టం. మన దేశంలో సైబర్ భద్రత చూసే సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో ఇదీ ఉంది: జాతీయ సమాచార కేంద్రం లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల సర్వర్లతో సమయం సరిచూసుకోవాలి. ప్రభుత్వ కార్యాలయాలు, కంపెనీలు లాగులను 180 రోజులు భద్రపరచాలి. దాడి గమనించిన 6 గంటల్లోపు సెర్ట్-ఇన్‌కు చెప్పాలి.

20 ఎంబీ డైరీతో 180 రోజులు నెట్టుకురావడం కుదిరే పని కాదు. పల్నాడు జిల్లా బొల్లాపల్లిలో గానీ, వినుకొండలో గానీ, నరసరావుపేటలో గానీ నాలుగు కంప్యూటర్లున్న ప్రతి కార్యాలయంలోనూ ఈ వారం ఎవరో ఒకరు విండోస్‌లో లాగులు చూపించే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సెక్యూరిటీ లాగ్‌లో అన్నిటికన్నా పాత నమోదు ఏ తేదీదో చూడండి.