కాఫీ తోట చెప్పే భూమి పాఠం

తిరువూరు శాసనసభ స్థానం ఎస్సీలకు రిజర్వు. సీటు దక్కింది సరే, ఇక్కడి మామిడి తోటల్లో కాయ కోసే దళిత కూలీకి ఆ నేలపై హక్కు దక్కిందా? విద్యార్థులు ఈ ప్రశ్న వేసినప్పుడు నేను పాడేరు, అరకు కాఫీ తోటలను ఉదాహరణగా చూపుతాను.

అక్కడ చిన్న గిరిజన రైతు సిల్వర్ ఓక్ నీడన కాఫీని, ఆ చెట్లకే మిరియపు తీగను పెంచుతాడు. పండ్లు ఏరడం, తొక్క తీయడం, గింజలు ఎండబెట్టడం ఇంటిల్లిపాదికీ పని కల్పిస్తాయి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ ఉపాధికి ఆధారం భూమి. గిరిజన ప్రాంత భూమి గిరిజనేతరులకు బదిలీ కావడాన్ని 1/70 చట్టం నిషేధించింది. 1997లో సమత కేసు తీర్పు ప్రైవేటు గనుల లీజులకూ ఆ నిషేధాన్ని వర్తింపజేసింది.

మైదానంలో దళితులు సహా భూమిలేని పేదలకు ఇచ్చిన భూములకు 1977 అసైన్డ్ చట్టం రక్షణగా నిలిచింది. ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూమిని అమ్ముకోవచ్చని 2023 సవరణ చెప్పింది. అమ్ముకునే స్వేచ్ఛ సమానత్వమే కదా అని వాదించేవారున్నారు. అప్పుల్లో కూరుకున్నవాడు అమ్మితే ధర నిర్ణయించేది కొనేవాడే. మరునాడు ఆ పొలంలోనే అతడు కూలీ. సీటుకున్న రక్షణ సెంటు భూమికీ ఉండాలి.