పౌరుషగ్రంథి కేన్సరు – సకాల పరీక్షావశ్యకత

మానవ శరీరమునకు సంభవించు వ్యాధులలో కొన్ని బాధతో తమ రాకను ముందుగనే తెలియజేయును. మఱికొన్ని మౌనముగ నుండి, బలపడిన పిమ్మట మాత్రమే బయలుపడును. పురుషులకు వచ్చు ప్రోస్టేటు కేన్సరు ఈ రెండవ తెగకు చెందినది. తొలిదశయందు గుర్తించినచో దీనిని నయము చేయుటకు మార్గము కలదు. ఎముకలకు ప్రాకిన తరువాత గుర్తించినచో చికిత్స ఆయువును పొడిగింపగలదే గాని, వ్యాధిని సమూలముగ తొలగించుట సాధారణముగ సాధ్యము కాదు. కావున “బాధ లేనప్పుడు పరీక్ష యెందుకు?” అను ప్రశ్న సహజముగ తోచినను, ఈ వ్యాధి విషయమున అది మోసపుచ్చు ప్రశ్న. బాధ లేని కాలమే పరీక్షకు తగిన కాలము. పరీక్ష వలని మేలును, దానితోపాటు ఎఱుగవలసిన పరిమితులను వివరించి, రాష్ట్రేతరాంధ్ర కుటుంబముల స్థితిగతులకు అన్వయించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

గ్రంథి స్వరూపము

‘ప్రోస్టేటు’ అను మాట గ్రీకు భాషనుండి వచ్చినది. ‘ముందు నిలుచునది’ అని దాని యర్థము. తెలుగు శాస్త్రగ్రంథములలో దీనికి ‘పౌరుషగ్రంథి’ యను పేరు కలదు. ఇది పురుషులకు మాత్రమే యుండు అవయవము. యౌవనమున పెద్ద ఉసిరికాయంత పరిమాణము కలిగి, మూత్రాశయమునకు దిగువను, పురీషనాళమునకు ముందు ప్రక్కను ఉండును. మూత్రనాళము దీని నడుమనుండి పోవును. వీర్యమునందలి ద్రవములో కొంత భాగమును ఈ గ్రంథియే స్రవించును.

వయసు మీఱిన కొలది ఈ గ్రంథియందు రెండు వేర్వేరు మార్పులు కలుగవచ్చును. మొదటిది సాధారణమైన పెరుగుదల. ఇది మూత్రనాళమును చుట్టియున్న లోపలి భాగమున కలుగును. అందువలన నాళము నొక్కబడి, ధార సన్నగిల్లుట, రాత్రి పలుమారులు లేవవలసి వచ్చుట, ఎంతసేపు కూర్చున్నను పూర్తిగ పోయినట్లు తోచకుండుట మొదలగు ఇబ్బందులు పుట్టును. ఇది కేన్సరు కాదు. కేన్సరుగ మాఱునదియు కాదు. రెండవది కేన్సరు. ఇది చాలమందియందు గ్రంథి యొక్క వెలుపలి అంచున, మూత్రనాళమునకు దూరముగ మొదలగును. కాలువలో పూడిక పడినచో నీటి పారుదల వెంటనే తగ్గును. పొలము చివరి గట్టున మొలచిన కలుపు సంగతి కాలువకు తెలియదు. ఈ రెండు మార్పులకు గల భేదము అట్టిదే.

ఈ భేదము నెఱుగనివారు రెండు విధముల పొరబడుదురు. రాత్రివేళ నాలుగుమారులు లేచువాడు తనకు కేన్సరు వచ్చినదని భయపడును. ధార చక్కగ నున్నవాడు తనకు ఏ వ్యాధియు లేదని నిశ్చింతగ నుండును. మొదటివాని భయము వైద్యుని దర్శనముతో తీఱును. రెండవవాని నిశ్చింతయే యెక్కువ హానికరము. మూత్రమున రక్తము కనబడుట, తుంటియందును నడుమునందును విడువని నొప్పి కలుగుట, కారణము లేక బరువు తగ్గుట మొదలగునవి తఱచుగ వ్యాధి ముదిరిన పిమ్మట కానవచ్చు చిహ్నములు. వయసు చెల్లినవారికి నడుమునొప్పి వింత కాదు గనుక, తైలములతోను పట్టీలతోను నెలలు గడచిపోవును.

పరీక్షల పూర్వాపరములు

ఈ వ్యాధి పురుషత్వమును కలిగించు హార్మోనులపై ఆధారపడి పెరుగునని 1941లో చికాగో నగరమున ఛార్లెస్ హగ్గిన్స్, క్లారెన్స్ హాడ్జెస్ అను వైద్యులు నిరూపించిరి. ఇందులకు హగ్గిన్స్ 1966లో నోబెల్ బహుమానము నందెను. ముదిరిన వ్యాధికి నేడు చేయు చికిత్సకు వారి పరిశోధనయే మూలము. అయినను వ్యాధిని ముందుగ కనుగొనుటకు ఆ కాలమున వైద్యుని వ్రేలు తప్ప వేఱు సాధనము లేకుండెను. చేతికి తొడుగు వేసికొని గుదమార్గమున వ్రేలితో గ్రంథిని తాకి, గట్టిదనమును గడ్డలను పరిశీలించెడివారు. వెలుపలి అంచు వ్రేలికి అందునట్టిదే గనుక ఈ పరీక్ష యిప్పటికిని వాడుకయందున్నది. కాని వ్రేలికి తెలియునంతటి గడ్డ ఏర్పడుటకు ముందే వ్యాధి కొంత పెరిగియుండును.

1979లో అమెరికాదేశపు బఫెలో నగరమునందలి శాస్త్రజ్ఞులు ఈ గ్రంథినుండి ఒక మాంసకృత్తును వేఱుపఱచిరి. దానికే పి.ఎస్.ఏ. అని పేరు. ఇది కొద్దిమాత్రముగ రక్తములో కలియుచుండును. గ్రంథికి వ్యాధి సోకినచో దాని ప్రమాణము హెచ్చును. చికిత్స పొందినవారిని కనిపెట్టియుండుటకు ఈ రక్తపరీక్షను అమెరికా ప్రభుత్వము 1986లోను, వ్రేలి పరీక్షతో కలిపి వ్యాధిని కనుగొనుటకు 1994లోను ఆమోదించినది. నేడు మన పట్టణములలోని సామాన్య ప్రయోగశాలలలో సైతము చేయి రక్తము కొంచెము తీసి దీనిని చేయుచున్నారు.

ఈ పరీక్షా ఫలితము తీర్పు కాదు, సూచన మాత్రమే. ఒక మిల్లీలీటరు రక్తమునకు 4 నానోగ్రాములు అను హద్దు చిరకాలముగ వాడుకలో నున్నది. హద్దు దాటినవారందఱికిని కేన్సరు ఉండదు; నిజమునకు వారిలో ఎక్కువమందికి ఉండదు. సాధారణమైన పెరుగుదల, మూత్రమార్గమునకు సోకిన చీము, సంభోగము, సైకిలు స్వారి వలనను అంకె పెరుగవచ్చును. అందువలన పరీక్షకు ముందు రెండు దినములు సంభోగమును, సైకిలు స్వారిని మానుట మంచిది. మూత్రమార్గపు చీము మానిన పిమ్మట కొన్ని వారములు వేచియుండవలెను. ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ అను మాత్రలను కొన్ని నెలలు వాడినవారి అంకె సగమునకు తగ్గి కనబడును గనుక, ఆ సంగతిని వైద్యునికి తప్పక చెప్పవలెను. మఱియొక వంక, హద్దునకు లోబడియున్న కొందఱికి కూడ వ్యాధి యుండవచ్చును.

లాభనష్ట వివేచన

పరీక్ష వలన మరణములు తగ్గునా యను ప్రశ్నకు ఐరోపా ఖండమున జరిగిన మహాపరిశోధన సమాధాన మిచ్చినది. 55 మొదలు 69 ఏండ్ల వయసు గల 1,62,000 మంది పురుషులను రెండు వర్గములుగ విభజించి, ఒక వర్గమువారిని మాత్రము పరీక్షకు పిలిచిరి. 23 సంవత్సరములు గమనించిన ఫలితములు 2025లో వెలువడినవి. పరీక్షకు పిలువబడిన వర్గమున ఈ వ్యాధి వలని మరణములు నూటికి 13 వంతున తగ్గినవి. అనగా 456 మందిని పిలిచినచో ఒక ప్రాణము నిలిచినది. అమెరికాలో జరిగిన మఱియొక పరిశోధన 2009లో ఇట్టి లాభమును చూపలేదు. అయితే అందు పరీక్షకు పిలువబడని వర్గమువారిలో పెక్కుమంది తమంతట తామే పరీక్ష చేయించుకొనియుండిరి గనుక పోలిక చెడినది.

లాభముతోపాటు నష్టమును ఎన్నవలెను. ఈ గ్రంథి కేన్సరులలో కొన్ని మిక్కిలి మందగతితో పెరుగును. మనుష్యుని ఆయువు నిండువఱకును హాని చేయవు. అట్టివానిని కనుగొని శస్త్రచికిత్స చేసినచో మూత్రము నిలువకపోవుట, దాంపత్య శక్తి తగ్గుట మొదలగు బాధలు నిష్కారణముగ కలుగును. ఈ కారణమున అమెరికా నిపుణుల సంఘ మొకటి 2012లో ఈ పరీక్ష వలదని చెప్పి, 2018లో తన మాటను సవరించుకొని, 55 మొదలు 69 ఏండ్లవారు వైద్యునితో చర్చించి తామే నిర్ణయించుకొనవలెనని సలహా ఇచ్చినది.

ఇటీవలి పద్ధతులు ఈ నష్టమును చాల వఱకు తగ్గించినవి. అంకె హెచ్చినంతనే సూది గ్రుచ్చక, ముందుగ ఎం.ఆర్.ఐ. చిత్రము తీసి, అనుమానము కలిగిన చోటనుండి మాత్రమే కండముక్కను తీసి పరిశీలించుచున్నారు. వ్యాధి మందగతిదని తేలినచో వెంటనే చికిత్స చేయక, కాలానుసారముగ పరీక్షించుచు కనిపెట్టియుండుట నేడు అంగీకృతమైన పద్ధతి. బ్రిటనులో 1,643 మంది రోగులను 15 సంవత్సరములు గమనించి 2023లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, శస్త్రచికిత్స పొందినను, కిరణచికిత్స పొందినను, కనిపెట్టియుండినను ఈ వ్యాధితో మరణించినవారు నూటికి సుమారు ముగ్గురే. వీరందఱి వ్యాధియు గ్రంథిని దాటకముందే పరీక్ష ద్వారా బయటపడినదను మాట ఇచట గమనింపదగినది.

ఎవరికి, ఎప్పుడు?

సామాన్యముగ 50 ఏండ్లు నిండిన ఆరోగ్యవంతుడు ఈ పరీక్షను గూర్చి వైద్యునితో ప్రస్తావింపవలెను. తండ్రికి గాని సోదరునికి గాని ఈ వ్యాధి వచ్చియున్నచో ప్రమాదము రెట్టింపునకు పైబడును గనుక 45వ ఏటనే ప్రస్తావించుట ఉచితము. తల్లికో, సోదరికో, మేనత్తకో రొమ్ము కేన్సరుగాని అండాశయ కేన్సరుగాని వచ్చియున్నచో ఆ సంగతియు చెప్పవలెను. ఈ మూడు వ్యాధులకును మూలమైన జన్యుదోషము కొన్ని కుటుంబములలో కలదు. మొదటి అంకె మిక్కిలి తక్కువగ నున్నవారు ఏటేట పరీక్ష చేయించుకొన నక్కఱలేదు. 70 ఏండ్లు దాటి, ఏ లక్షణమును లేనివారికి క్రొత్తగ పరీక్ష మొదలిడుట సాధారణముగ సిఫారసు చేయబడదు.

రాష్ట్రేతరాంధ్రుల విషయము

2022వ సంవత్సరమున ప్రపంచమందు సుమారు 14 లక్షల 70 వేలమందికి, భారతదేశమున సుమారు 38 వేలమందికి ఈ వ్యాధి క్రొత్తగ సోకినదని అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ అంచనా. పాశ్చాత్య దేశములకంటె మన దేశమున ఈ వ్యాధి తక్కువయే. కాని ముదిరిన పిమ్మట వైద్యాలయమునకు వచ్చువారి పాలు ఇచట ఎక్కువ. 2016లో కేంద్ర ప్రభుత్వము వెలువరించిన కేన్సరు పరీక్షల ప్రణాళికయందు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారము అను మూడు స్థానములకే చోటు కల్పింపబడినది. పౌరుషగ్రంథి అందు చేరలేదు. కావున ఈ పరీక్షకై ఇంటికి వచ్చి పిలుచువారు ఉండరు. పురుషుడు తానై అడుగవలెను.

అడుగుటయే కష్టమగుచున్నది. తరతరములుగ తమిళనాడునందో, కర్ణాటకమునందో, ఒడిశాయందో, మహారాష్ట్రమునందో స్థిరపడిన తెలుగువానికి ఆ ప్రాంతీయభాష బజారునకును కచేరికిని చక్కగ చాలును. దేహమును గూర్చి, సిగ్గు విడిచి చెప్పవలసిన మాటలు మాత్రము అతనికి ఇంటి భాషయందే కలవు. ఇంటి భాషయందును ‘ఒంటికి పోవుట’ అను మఱుగుమాటకు మించి పెద్దలు పలుకరు. కొడుకో కోడలో ప్రక్కనుండగా వైద్యునితో ధార సంగతి చెప్పుట కంటె చెప్పకుండుటయే మేలని తలంతురు. దీనికొక సులభోపాయము కలదు. ‘ప్రోస్టేటు’, ‘పి.ఎస్.ఏ.’ అను రెండు మాటలు మదరాసునందును, బెంగుళూరునందును, బరంపురమునందును, షోలాపురమునందును వైద్యులకు ఒకే తీరున తెలియును. “ప్రోస్టేటు పరీక్షను గూర్చి అడుగ వచ్చితిని” అను ఒక్క వాక్యముతో మిగిలిన ప్రశ్నలు వైద్యుడే వేయును.

రెండవ చిక్కు బంధువర్గము చెదరియుండుట. ఇంటిపేరును, గోత్రమును, పూర్వుల గ్రామమును వందల ఏండ్లుగ మఱువని కుటుంబములు, తాతగారు ఏ వ్యాధితో గతించిరో చెప్పలేకున్నవి. “మూత్రము బిగిసి పోయినారు”, “నడుము పడిపోయి మంచము పట్టినారు” అను మాటలే మిగిలియుండును. పెదతండ్రి వ్యాధి ఒక రాష్ట్రమున, తమ్ముని బిడ్డలు మఱియొక రాష్ట్రమున ఉన్నపుడు ఆ మాట సైతము చేరదు. వంశవృక్షము వ్రాసికొను కుటుంబములు పేర్ల ప్రక్కన మరణకారణమును, వ్యాధి వచ్చిన వయసును కూడ వ్రాసియుంచినచో, 45వ ఏట మేల్కొనవలసిన మనుమనికి అది యే ఆస్తికిని తీసిపోని వారసత్వము.

చికిత్సకు సంబంధించి ఈ ప్రాంతములు నిర్భాగ్యములు కావు. ముంబయిలో 1941లో నెలకొన్న టాటా స్మారక వైద్యశాల, మదరాసు అడయారులో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి కృషితో 1954లో ఏర్పడిన కేన్సరు సంస్థ, బెంగుళూరునందలి కిద్వాయి సంస్థ, కటకమునందలి ఆచార్య హరిహర సంస్థ పేరెన్నికగన్నవి. యానాము పాలనలో పుదుచ్చేరికి చెందినను, కాకినాడ వైద్యశాలలు దానికి చేరువ. అయితే తొలి రక్తపరీక్షకు ఇంత దూరము పోనక్కఱలేదు. సమీపపు ప్రయోగశాలయు, యూరాలజిస్టు అనబడు మూత్రకోశ వైద్యుడును చాలును.

పూర్వము కేన్సరును ‘రాచపుండు’ అని పిలిచి, ఆ పేరు ఉచ్చరించుటకే జనులు జంకెడివారు. నేడు జంకవలసినది పేరునకు కాదు, ఆలస్యమునకు. ఏబదియవ ఏట ఒక మాట అడుగుటయు, అంకె హెచ్చినచో తొందరపడక రెండవమారు చూపించుకొనుటయు, ఫలితమును అన్నదమ్ములకు తెలుపుటయు ప్రతి గృహస్థునకు సాధ్యములు. భార్యాబిడ్డలు కోరునదియు అంతకంటె వేఱు కాదు.